ప్రెసిడెన్సీలో ప్రధానమంత్రి

అమలాపురంలో మేం కొద్దిమందిమి నెలకొకసారి జరుపుకునే అధ్యయన గోష్ఠిలో కిందటేడు ఒక చిన్న తగాదా వచ్చింది. అది ఒకే ఒక్క మాట దగ్గర మొదలయింది. టంగుటూరి ప్రకాశం గారిమీద వచ్చిన ఒక పాత పుస్తకాన్ని గ్రంథాలయం నుంచి తెచ్చి చదువుతున్నాం. 1946లో ఆయన మద్రాసు "ప్రధానమంత్రి" అయ్యారని అందులో అచ్చయి ఉంది. ఎవరో పాత పాఠకుడు ఆ మాటను పెన్సిలుతో కొట్టేసి, పక్కన "ముఖ్యమంత్రి" అని దిద్దాడు. బి.ఏ. చదువుతున్న అమ్మాయి ఒకతె అడిగింది: "మాస్టారూ, ఏది తప్పండీ? అచ్చయిందా, దిద్దిందా?"

అచ్చయిందే ఒప్పు అన్నాను. 1937 నుంచి 1950 జనవరిలో మన రాజ్యాంగం అమలులోకి వచ్చేదాకా రాష్ట్రాలలో మంత్రివర్గానికి పెద్దను ప్రధానమంత్రి అనే పిలిచేవారు. పత్రికలు అలాగే రాసేవి, సభల్లో అలాగే సంబోధించేవారు. "అయితే అది పేరుకే ప్రధానమంత్రి పదవమ్మా, పెత్తనమంతా గవర్నరుది" అని ముగించబోయాను. చరిత్ర పాఠాలు చెప్పినంతకాలం నేను చెప్పిన ముగింపే అది.

వెనక బల్లమీద కూర్చున్న పెద్దాయన, రైతు ఉద్యమంలోనే తల నెరిసినవాడు, ఊరుకోలేదు. "అలాగంటే ఎలాగండీ మాస్టారూ? 47లో సంక్రాంతి వెళ్లిన కొత్తలో మా నాన్నని పోలీసులు పట్టుకుపోయారు. ఆ ఆర్డినెన్సుకి జనం గవర్నరు పేరు పెట్టలేదు. ప్రకాశం ఆర్డినెన్సు అన్నారు. పేరుకే ప్రధానమంత్రి అయితే ఆ పేరు ఎలా వచ్చిందండీ?"

నాకు జవాబు తోచలేదు. ఈ వ్యాసం ఆ జవాబు కోసం వెతుకులాటే. దీనిలో కొంత ఆత్మవిమర్శ కూడా ఉంది. ఎందుకంటే చాలాకాలం కిందట ఒక సదస్సుకు రాసిన పత్రంలో నేను ఈ ఆర్డినెన్సును రెండు వాక్యాలలో దాటేశాను. వలస రాజ్యయంత్రంలో ప్రధానమంత్రి కేవలం ఒక పనిముట్టు అని రాసి, అక్కడితో చేతులు దులుపుకున్నాను. మార్క్సిస్టు పరిభాషలో ఉన్నంతమాత్రాన అది విశ్లేషణ అయిపోదు.

ప్రకాశం గారిని గురించి మన సాహిత్యంలో రెండే బొమ్మలున్నాయి. ఒకటి 1928లో సైమన్ కమిషన్ బహిష్కరణనాడు మద్రాసులో తుపాకికి ఎదురుగా రొమ్ము విప్పిన ఆంధ్రకేసరి. రెండోది కమ్యూనిస్టులను జైళ్లలో కుక్కిన పాలకుడు. మొదటి బొమ్మను పాఠ్యపుస్తకాలు పెంచాయి, రెండోదాన్ని మన వాళ్ల జ్ఞాపకాలు నిలిపాయి. రెండింటిలోనూ మనిషి కనిపిస్తాడు గాని ఆయన కూర్చున్న కుర్చీ కనిపించదు. ఆ కుర్చీకి ఎన్ని కాళ్లున్నాయి, అందులో ఎన్నింటిని ఎవరు పట్టుకున్నారు అన్నది చూడకుండా ఆ పదకొండు నెలల పాలన అర్థం కాదు.

ఆ కుర్చీ చరిత్ర 1919 చట్టంతో మొదలవుతుంది. ద్వంద్వ ప్రభుత్వం అని మనం పరీక్షలకు కంఠస్థం చేసిన విషయమే. ప్రభుత్వ శాఖలను రెండుగా చీల్చారు. భూమిశిస్తు, పోలీసు, న్యాయం, నీటిపారుదల, ఆర్థికం "రిజర్వు" శాఖలు. ఇవి గవర్నరు, ఆయన కార్యనిర్వాహక సభ్యుల చేతిలో ఉంటాయి. విద్య, ఆరోగ్యం, స్థానిక సంస్థలు, వ్యవసాయం, పరిశ్రమలు "బదిలీ" అయిన శాఖలు. వీటిని శాసనమండలికి బాధ్యులైన మంత్రులకిచ్చారు. మద్రాసులో 1920 ఎన్నికల తర్వాత జస్టిస్ పార్టీ మంత్రివర్గం వచ్చింది. 1921 నుంచి 1926 దాకా పానగల్లు రాజా రామరాయణింగారు మొదటి మంత్రి. హిందూ దేవాదాయ చట్టం, ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆ కాలపు ఫలితాలే. ఆ పార్టీ వర్గస్వభావం ఏదైనా, ఆ మంత్రులు ఏమీ చెయ్యలేదనడం అబద్ధం.

వాళ్లకు ఇచ్చింది ఎంత అన్నది వేరే ప్రశ్న. దానికి ఏలూరు మనిషి సర్ కూర్మా వెంకటరెడ్డినాయుడు గారు ఇచ్చిన జవాబును మించినది ఎక్కడా లేదు. ఆయన మొదటి మంత్రివర్గంలో అభివృద్ధి శాఖ మంత్రి. 1924లో ద్వంద్వ ప్రభుత్వం పనితీరును విచారించిన మడ్డిమన్ కమిటీ ముందు ఆయన తన శాఖ జాబితాను విప్పి చూపించారు. అభివృద్ధి తనది, అడవులు తనవి కావు. వ్యవసాయం తనది, నీటిపారుదల తనది కాదు. రైతులకు అప్పులిచ్చే చట్టాల అమలు కూడా తన చేతిలో లేదు. పరిశ్రమలు తనవేగాని కర్మాగారాలు, బాయిలర్లు, విద్యుత్తు, గనులు, కార్మికులు మరొకరివి.

ఈ జాబితా చదివి దేశమంతా నవ్వుకుంది. కోనసీమ వాడికి మాత్రం నవ్వు రాదు. నీళ్లు లేని వ్యవసాయ మంత్రి అంటే ఏమిటో ఇక్కడ రైతుకు విడమరచి చెప్పనక్కరలేదు. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర తలుపు ఎత్తితేనే ఇక్కడ నాటు. గన్నవరం అక్విడక్టు మీదుగా నీరు వైనతేయ దాటితేనే రాజోలు వైపు పైరు. లాకులు ఎప్పుడు తెరవాలి, ఎప్పుడు కట్టెయ్యాలి అని నిర్ణయించే ఇంజనీరు మంత్రికి జవాబుదారీ కాడు. శిస్తు ఎంత అని నిర్ణయించే కలెక్టరూ కాడు. ఆ దశాబ్దం చివర గోదావరి, కృష్ణా జిల్లాల్లో రీసెటిల్‌మెంటు పేరుతో సర్కారు శిస్తు పెంచ తలపెట్టినప్పుడు రైతులు ఊరూరా సభలు పెట్టారు. ఆ సభల్లో మంత్రులను తిట్టినవారూ ఉండే ఉంటారు. కాని ఆ కాగితం మంత్రుల బల్లమీదికి రానే రాదు. బాధ్యత కనిపించేచోట అధికారం లేదు, అధికారం ఉన్నచోట బాధ్యత కనిపించదు. వలస ప్రభుత్వం దీన్ని చేతగాక చెయ్యలేదు, తెలిసే చేసింది.

1935 చట్టం ఈ చీలికను పైకి మాన్పింది. రాష్ట్ర శాఖలన్నీ మంత్రులకే అన్నారు. దాన్ని రాష్ట్ర స్వపరిపాలన అన్నారు. 1937 ఏప్రిల్ 1న అది అమలులోకి వచ్చింది. ఆ చట్టాన్ని మన విద్యార్థులు మూలంలో చదవరు, మేమూ చదివించలేదు. గోష్ఠిలో తగాదా వచ్చాక నేను కూర్చుని రాష్ట్రాల భాగం మొదటినుంచీ చదివాను. మొట్టమొదట తెలిసింది ఏమిటంటే, రాష్ట్ర ప్రధానమంత్రి అనే పదవి పేరు ఆ చట్టంలో లేదు. గవర్నరు ఉన్నాడు, మంత్రులున్నారు, మంత్రిమండలి ఉంది. వాళ్లలో పెద్ద ఎవరన్నది వాడుకకే వదిలేశారు. వాడుక ఆ పదవిని పుట్టించింది, పత్రికలు పేరుపెట్టాయి.

మంత్రులను ఎన్నుకునేదీ, పిలిచేదీ, తీసేసేదీ గవర్నరే అంటుంది 51వ సెక్షను. ఆయన ఇష్టం ఉన్నంతకాలమే వారు పదవిలో ఉంటారు. మంత్రిమండలి సమావేశానికి ఆయన తలచుకుంటే తానే అధ్యక్షత వహించవచ్చు. చట్టమంతటా రెండు మాటలు అల్లుకుని ఉంటాయి. ఒకటి "తన విచక్షణ మేరకు". అంటే మంత్రులను అడగనక్కరలేదు. రెండోది "తన స్వంత నిర్ణయం మేరకు". అంటే అడగాలి, కాని వాళ్లు చెప్పింది వినక్కరలేదు. శాంతిభద్రతలకు తీవ్రమైన ముప్పు రాకుండా చూడడం, అల్పసంఖ్యాకుల న్యాయమైన ప్రయోజనాలు, ఉద్యోగుల హక్కులు, స్వదేశ సంస్థానాల హక్కులు ఇవన్నీ 52వ సెక్షను కింద గవర్నరు ప్రత్యేక బాధ్యతలు. సివిల్ సర్వీసు, పోలీసు సర్వీసు పై అధికారులను నియమించేది లండనులోని రాజ్యకార్యదర్శి. మంత్రి తన కింది అధికారిని శిక్షించాలన్నా చట్టం అడ్డు.

నన్ను ఎక్కువసేపు ఆపినవి 57, 58 సెక్షన్లు. ప్రభుత్వాన్ని కూలదోసే ఉద్దేశంతో హింసాత్మక నేరాలు జరుగుతున్నాయని గవర్నరు భావిస్తే ఆ మేరకు పాలనను తన చేతిలోకి తీసుకోవచ్చు. అటువంటి నేరాల గురించి పోలీసులకు ఎవరు సమాచారం ఇస్తున్నారో గవర్నరు అనుమతి లేకుండా పోలీసు శాఖ మంత్రికి కూడా చెప్పకూడదు. అంటే హోం శాఖ చూసే మంత్రికి గూఢచారి తెచ్చిన మాట అందుతుందిగాని, ఆ గూఢచారి ఎవరో, ఆ మాటను ఎంతవరకు నమ్మవచ్చో అందదు. ఈ ఒక్క సంగతిని మనసులో పెట్టుకోండి, 1947 దగ్గర మళ్లీ కావాలి.

మన జిల్లాకు సంబంధించినది మరొకటి ఉంది. తూర్పు గోదావరి ఏజన్సీని "పాక్షికంగా మినహాయించిన ప్రాంతం" చేశారు. శాసనసభ చేసిన చట్టం ఏదైనా గవర్నరు ప్రకటిస్తేనే అక్కడ అమలవుతుంది, ఆయన కోరినట్టు మార్పులతో. అల్లూరి సీతారామరాజు తిరిగిన కొండలు ప్రధానమంత్రి పరిధిలో సగమే ఉన్నాయన్నమాట. రంపచోడవరం మీద రాసే కథకులు ఈ సెక్షనును గమనించినట్టు నాకు కనిపించలేదు.

1937 ఎన్నికల్లో మద్రాసు శాసనసభ 215 స్థానాలలో కాంగ్రెసు 159 గెలిచింది. గవర్నరు తన ప్రత్యేకాధికారాలను అడ్డుపెట్టనని హామీ ఇస్తేనే పదవులు తీసుకుంటామని పట్టుబట్టింది. ఆ మధ్యకాలంలో, శాసనసభలో బలం లేకుండానే, కూర్మా వెంకటరెడ్డినాయుడు గారు మూడున్నర నెలలు ప్రధానమంత్రిగా ఉన్నారు. చరిత్ర ఒక్కొక్కప్పుడు కథకుడికన్నా నిర్దాక్షిణ్యంగా ఉంటుంది. నీళ్లు లేని వ్యవసాయ మంత్రి 1936లో కొన్ని నెలలు తాత్కాలిక గవర్నరయ్యాడు, మరుసటి ఏడు శాసనసభ లేని ప్రధానమంత్రి అయ్యాడు. గవర్నరు కుర్చీలో కూర్చున్నప్పుడు ఆయనకున్న అధికారం, ప్రధానమంత్రి కుర్చీలో కూర్చున్నప్పుడు లేదు. మనిషి ఒక్కడే. ఆ పదవుల తేడా తెలియడానికి ఇంతకన్న సాక్ష్యం అక్కరలేదు.

1937 జూలైలో రాజాజీ మంత్రివర్గం వచ్చింది. ప్రకాశం గారు రెవిన్యూ మంత్రి. జమీందారీ విచారణ సంఘానికి ఆయనే అధ్యక్షుడు. భూమికి హక్కుదారు రైతే, శిస్తు 1802 శాశ్వత పరిష్కారం నాటి రేట్లకు దిగాలి అని 1938 నివేదిక చెప్పింది. అది చట్టమయ్యేలోగా యుద్ధం వచ్చింది, 1939 అక్టోబరులో మంత్రివర్గం దిగిపోయింది. 93వ సెక్షను కింద గవర్నరు ప్రకటన చేశాడు. అక్కడనుంచి 1946 ఏప్రిల్ చివరిదాకా ఆరున్నరేళ్లు మద్రాసుకు ప్రధానమంత్రి లేడు, శాసనసభ కూర్చోలేదు. గవర్నరు, ఆయన సలహాదార్లు పాలించారు. స్వపరిపాలన అని పేరుపెట్టిన కాలంలో ప్రధానమంత్రి ఉన్న రోజులకన్న లేని రోజులు ఎక్కువ. ఆ ఆరున్నరేళ్లలో ఏ ఆఫీసూ మూతపడలేదు, ఏ శిస్తూ ఆగలేదు. వ్యవస్థ ప్రధానమంత్రి లేకుండానే నడవగలదని ఆ ఏళ్లు రుజువు చేశాయి.

గవర్నరు అధికారం కాగితం మీద మాత్రమే ఉందని కొందరు చరిత్రకారులు రాస్తారు. 1942 అక్టోబరులో సింధులో జరిగింది చూడాలి. ప్రధానమంత్రి అల్లా బక్ష్ బ్రిటిషు ప్రభుత్వం ఇచ్చిన బిరుదులను తిరిగి ఇచ్చేశాడు. శాసనసభలో ఆయన ఓడిపోలేదు. గవర్నరు ఆయన్ని తీసేశాడు. 1943 మార్చిలో బెంగాలులో ఫజ్లుల్ హక్ చేత గవర్నరు రాజీనామా రాయించుకున్నాడు. ఆ తర్వాత కొన్ని నెలలకే బెంగాలులో లక్షలమంది ఆకలితో చచ్చారు. ఎవరు బాధ్యులు అన్నప్పుడు వేళ్లు పోటీపడి ప్రధానమంత్రుల వైపే తిరిగాయి.

ఇవన్నీ పైనుంచి వచ్చిన హద్దులు. మరో హద్దు పక్కనుంచి వచ్చింది. దాన్ని నా పాత పత్రంలో పూర్తిగా వదిలేశాను. కాంగ్రెసు మంత్రివర్గాలు ఎవరికి జవాబుదారీ? చట్టం ప్రకారం గవర్నరుకు, ఎన్నికల ప్రకారం శాసనసభకు, ఆచరణలో అధిష్ఠానవర్గానికి. 1938లో మధ్యపరగణాల ప్రధానమంత్రి ఖరే తన సహచరులతో తగాదాపడి గవర్నరు సాయంతో వాళ్లను తొలగిస్తే, అధిష్ఠానవర్గం ఖరేనే దించేసింది. 1946లో మద్రాసుకు రాజాజీ కావాలని పైవారు కోరారు. శాసనసభ్యులు ఒప్పుకోక ప్రకాశం గారిని ఎన్నుకున్నారు. పైవారికి ఇష్టం లేకుండా వచ్చిన ప్రధానమంత్రి ఆయన. ఆంధ్ర కాంగ్రెసులోనే ఆయనకు గట్టి వ్యతిరేకులున్నారు. మన కోనసీమకు చెందిన కళా వెంకటరావు గారు ఆ వ్యతిరేక వర్గంలో ముఖ్యులు. తర్వాతి మంత్రివర్గంలో ఆయనే రెవిన్యూ మంత్రి. 1948లో జమీందారీ రద్దు చట్టం వచ్చింది ఆ మంత్రివర్గం కాలంలోనే. ప్రకాశం గారు పదేళ్లకు ముందు వేసిన విత్తనాన్ని ఆయన ప్రత్యర్థులు కోసుకున్నారనుకోవచ్చు. మా అమలాపురంలో ఈ మాట అనడం కొంచెం సాహసమే, రెండు పక్షాల మనవలూ ఇంకా ఉన్నారు.

1946 ఏప్రిల్ 30న ప్రకాశం గారు ప్రమాణం చేశారు. కొద్దిరోజులకే సైన్యాధికారి సర్ ఆర్చిబాల్డ్ నై గవర్నరుగా వచ్చాడు. ప్రధానమంత్రి మొండిగా కొన్ని పనులు చేశాడు. ఖద్దరును బతికించాలని కొత్త బట్టల మిల్లులకు అడ్డు చెప్పాడు. ఫిర్కా అభివృద్ధి పథకం పెట్టాడు. ఆ ఆర్థిక దృష్టి వెనకచూపుదని మనం వాదించవచ్చు, వాదించాం కూడా. కాని ఇక్కడ గమనించవలసింది వేరు. మిల్లుదారులకు కంటగింపయిన ఆ విధానాన్ని గవర్నరు ఆపలేదు. 1946 నాటికి తెల్లదొరలు మూటాముల్లె సర్దుకుంటున్నారు. చట్టంలో ప్రత్యేకాధికారాలు అక్షరం చెరగకుండా ఉన్నాయి, వాటిని వాడే తెగువ పోయింది. 1947 ఆగస్టు 15న వాటిని చట్టం నుంచి తీసేసేదాకా అవి గోడకు వేలాడిన కత్తిలా ఉన్నాయిగాని, ఆ కత్తికి పదును లేదు. ప్రధానమంత్రి పదవికి అంతకుముందెన్నడూ లేని చోటు దొరికిన నెలలు అవి. నేను పత్రంలో ఒప్పుకోనిది ఈ సంగతే.

ఆ చోటులో జరిగిందే ఆర్డినెన్సు. 1946లో సమ్మెలు ముమ్మరంగా ఉన్నాయి. దక్షిణ భారత రైల్వే కార్మికుల సమ్మెలో సెప్టెంబరులో పొన్మలైలో కాల్పులు జరిగాయి. ఆంధ్ర జిల్లాల్లో వ్యవసాయ కూలీలు, కౌలుదారులు కదిలారు. 1947 జనవరిలో శాంతిభద్రతల ఆర్డినెన్సు వచ్చింది. విచారణ లేకుండా నిర్బంధించడానికి అది దారి తీసింది. కమ్యూనిస్టు కార్యాలయాల మీద దాడులు చేశారు, నాయకులనూ కార్యకర్తలనూ ఊరూరా పట్టుకున్నారు. మా పెద్దాయన తండ్రి అలా వెళ్లినవాళ్లలో ఒకడు.

ఇది గవర్నరు తన స్వంత అధికారంతో చేసిన పని కాదు. అటువంటి అధికారమూ ఆయనకుంది. కావాలంటే తన విచక్షణ మేరకే ఆర్డినెన్సు చెయ్యవచ్చు, శాసనసభతో పనిలేకుండా "గవర్నరు చట్టం" కూడా చెయ్యవచ్చు. ఆ దారులు తొక్కవలసిన అవసరమే రాలేదు. మంత్రివర్గమే కోరింది. ఆ ఆర్డినెన్సును బిల్లుగా శాసనసభ ముందుకు తెచ్చి నెగ్గించుకుంది. 1947వ సంవత్సరపు మద్రాసు చట్టాలలో అది మొట్టమొదటిది. ప్రజలెన్నుకున్న సభ, ప్రజలెన్నుకున్న ప్రధానమంత్రి ప్రభుత్వం, పూర్తి నియమనిబంధనలతో చేసిన చట్టం. అంచేత పెద్దాయన మాటే నిజం. జనం పెట్టిన పేరు చరిత్రకారుడు పెట్టిన పేరుకన్న కచ్చితంగా ఉంది.

అయితే 57, 58 సెక్షన్లను మనసులో పెట్టుకోమన్నాను. రాష్ట్రంలో తిరుగుబాటు రాబోతున్నదని మంత్రివర్గానికి చెప్పింది ఎవరు? పోలీసులు. ఆ సమాచారం ఎక్కడినుంచి వచ్చిందో అడిగే హక్కు మంత్రికి లేదు. నిన్నటిదాకా కాంగ్రెసు వాళ్ల వెంట తిరిగి రిపోర్టులు రాసిన పోలీసు శాఖే ఈ రిపోర్టులూ రాసింది. ప్రధానమంత్రి దాని కళ్లతో చూశాడు. అయినా ఇది ఆయనకు సాకు కాదు. తుపాకికి ఎదురు నిలిచిన మనిషికి పోలీసు రిపోర్టుల విలువ అందరికన్న బాగా తెలిసి ఉండాలి. అధికారం పరిమితమైనప్పుడు పాలకుడి ముందు రెండు దారులుంటాయి. తన చేతిలో లేనిదాని కోసం పైవాడితో కలబడడం ఒకటి. తన చేతిలో ఉన్నదాన్ని కిందివాడి మీద ప్రయోగించడం రెండోది. ప్రకాశం గారు జీవితమంతా మొదటిది చేసి, ఆ జనవరిలో రెండోది చేశారు. వర్గదృష్టి ఆయన చేత అది చేయించిందని మనం అంటాం, అనాలి కూడా. కాని వర్గదృష్టి ఒక్కటే చెప్పి ఊరుకుంటే పోలీసు శాఖ తప్పించుకుంటుంది, యంత్రం ఒక్కటే చెప్పి ఊరుకుంటే ప్రధానమంత్రి తప్పించుకుంటాడు.

మార్చిలో ప్రకాశం గారు పదవి పోగొట్టుకున్నారు. ఆయన్ని దించింది గవర్నరు కాదు, స్వంత పార్టీ. ఓమందూరు రామస్వామి రెడ్డియారు ప్రధానమంత్రి అయ్యారు. వచ్చినవాళ్లు వెళ్లినవాళ్ల విధానాలు మార్చారుగాని ఆ చట్టాన్ని ముట్టలేదు. అదే దారిలో 1949లో శాంతిభద్రతల చట్టాన్ని మళ్లీ చేశారు. ప్రజానాట్యమండలి ఊరూరా ఆడిన "మా భూమి" నాటకాన్ని నిషేధించింది ఈ ప్రభుత్వాల పరంపరే.

రచయితలకు ఇక్కడ మరో సంగతి చెప్పాలి. 1949 చట్టం కింద మద్రాసు ప్రభుత్వం బొంబాయినుంచి వచ్చే "క్రాస్ రోడ్స్" అనే వారపత్రికను 1950లో రాష్ట్రంలోకి రానీయకుండా నిషేధించింది. సంపాదకుడు రమేశ్ థాపర్ సుప్రీంకోర్టుకు వెళ్లాడు. శాంతిభద్రతల పేరుతో పత్రిక నోరు నొక్కడానికి రాజ్యాంగం ఒప్పుకోదని 1950 మే నెలలో కోర్టు తీర్పు చెప్పింది. ఏడాది తిరిగేసరికి, 1951 జూన్‌లో, రాజ్యాంగానికి మొదటి సవరణ వచ్చింది. భావప్రకటన స్వేచ్ఛకు ఏ కారణాలమీద పరిమితులు పెట్టవచ్చో చెప్పే జాబితాలోకి "శాంతిభద్రతలు" చేరింది. మన మీద, మన పత్రికల మీద ఆ తర్వాత వచ్చిన కేసులలో ప్రభుత్వ న్యాయవాది నోట ఆ మాట ఎన్నిసార్లు విన్నామో మీకు తెలుసు. దాని వంశవృక్షం పైకి పాకించుకుంటూ వెళ్తే దారిలో "అధికారం లేని" ఒక ప్రధానమంత్రి ఆర్డినెన్సు కనిపిస్తుంది.

ఇది మన ఒక్కరి కథ కాదు. 1935 చట్టాన్నే కొద్దిగా దిద్ది పాకిస్తాను రాజ్యాంగంగా వాడుకుంది. 1953 ఏప్రిల్‌లో గవర్నరు జనరల్ గులాం మహమ్మద్, శాసనసభ బడ్జెట్టు ఆమోదించిన కొద్దికాలానికే, ప్రధానమంత్రి నజీముద్దీన్‌ని ఇంటికి పంపాడు. ఫ్రాన్సు 1958లో బలమైన అధ్యక్షపదవిని ఏర్పాటు చేసుకుంది. 1972లో ప్రధానమంత్రి షబాన్ దెల్మాస్ శాసనసభ విశ్వాసాన్ని భారీ మెజారిటీతో నెగ్గాడు. కొన్ని వారాలకే అధ్యక్షుడు పాంపిదూ పొమ్మంటే పోయాడు. శ్రీలంక 1978లో ఆ దారే పట్టింది. వీటిలో ప్రధానమంత్రి పని ఒక్కచోటే ఎక్కువగా కనిపిస్తుంది. ధరలు పెరిగితే, సమ్మె అయితే, కాల్పులు జరిగితే తిట్లు తినేది అతను. పైన కూర్చున్నవాడికి మచ్చ అంటకుండా అడ్డు నిలబడడం కూడా ఒక అధికారమే కాబోలు.

మన సంగతికి వస్తే, 51వ సెక్షనులోని "ఇష్టం ఉన్నంతకాలం" అనే మాట చావలేదు. రాజ్యాంగం 164వ అధికరణంలో అలాగే కూర్చుంది. 93వ సెక్షను 356వ అధికరణమయింది. ప్రకాశం గారు దాన్నీ చూశారు. 1953 అక్టోబరు 1న కర్నూలులో ఆంధ్రరాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యారు, ఈసారి పెన్సిలు దిద్దిన మాటే. 1954 నవంబరులో మద్యనిషేధం తగాదాలో ఒక్క ఓటుతో ఓడిపోయారు. మరో మంత్రివర్గం రాలేదు, రాష్ట్రపతి పాలన వచ్చింది. (ఒక్క ఓటుకు ప్రభుత్వం కూలడం మళ్లీ 1999లో ఢిల్లీలో చూశాం. ఆనాడు స్పీకరు కుర్చీలో ఉన్నది మా అమలాపురం సభ్యుడు బాలయోగి గారే.) ముప్ఫై ఏళ్లకు, 1984 ఆగస్టు 16న, గవర్నరు రాంలాల్ ఎన్.టి.రామారావు ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసినప్పుడు వీధిలోకి వచ్చిన జనానికి 51వ సెక్షను తెలియదు. తెలియవలసిన అవసరమూ లేకపోయింది. నెల తిరిగేసరికి రామారావును తిరిగి కుర్చీలో కూర్చోబెట్టుకున్నారు. బలాబలాలు శాసనసభలోనే తేలాలని సుప్రీంకోర్టు బొమ్మై కేసులో చెప్పడానికి మరో పదేళ్లు పట్టింది.

ఇదంతా రాసుకుని మొన్నటి గోష్ఠిలో చదివాను. పెద్దాయన చివరిదాకా విన్నాడు. "అయితే మీరు ఒప్పుకున్నట్టేనండీ" అన్నాడు. సగం ఒప్పుకున్నాను, మిగతా సగం పోలీసు రిపోర్టుల దగ్గర ఆగిందన్నాను. ఆయన ఒప్పుకోలేదు. మంత్రికి అడిగే హక్కు లేకపోవచ్చు, అడిగే నోరు కూడా లేదా అన్నాడు. దానికి చట్టంలో సెక్షను లేదు.

అమ్మాయి పుస్తకం తిరిగి ఇచ్చెయ్యాలంటే, ఆ పెన్సిలు దిద్దుబాటు రబ్బరుతో చెరిపి ఇమ్మన్నాను. చెరపలేదు. దిద్దినవాడి మాట కింద "1953" అనీ, అచ్చు మాట కింద "1946" అనీ వేసి ఇచ్చింది.